విడిచి వెళ్లిన కూతురిదా, వెనక్కి పంపిన నాదా హృదయకాఠిన్యం?

ఒక తల్లి రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 54 ఏళ్లు. పుట్టింది, పెరిగింది క్రైస్తవ సంఘంలోనే. ఇప్పుడు స్త్రీల సహవాసానికి నాయకురాలు. ఒక్కగానొక్క కూతురిని అదే సంఘంలోని విశ్వాసికి ఇచ్చి పెళ్లి చేశారు. అతను ఆరేళ్లపాటు ఆ అమ్మాయిని కొట్టాడు. కూతురు రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. మొదటిసారి పెదవి పగిలి ఉంది, రెండోసారి చెయ్యి వాచి ఉంది. రెండుసార్లూ "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అని వాక్యం చూపించి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఈ తల్లే స్వయంగా తీసుకెళ్లి దిగబెట్టి వచ్చారు. మూడోసారి కూతురు పుట్టింటి గడప తొక్కలేదు. పిల్లలిద్దరినీ తీసుకుని వేరే చోటికి వెళ్లిపోయింది, కోర్టులో విడాకులు తీసుకుంది. ఏడాదిన్నరగా తల్లితో మాటలు లేవు.

ఇప్పుడు సంఘపెద్దలు ఒక తీర్మానం రాశారు. "వాక్యానుసారమైన కారణం లేకుండా భర్తను విడిచింది" కాబట్టి ఆ అమ్మాయి సభ్యత్వం తీసేస్తారట. దాని మీద సాక్షిగా తల్లి సంతకం కావాలట. సమావేశం వచ్చే నెల.

ఆమె అడిగినవి నాలుగు. విడాకులకు కారణం హృదయకాఠిన్యమని యేసే చెప్పాడు కదా, అంటే కాఠిన్యం నా కూతురిదేనా? మనుషుల మొండితనానికి తగ్గట్టు దేవుడు చట్టం ఇచ్చాడంటే ఆ చట్టం రాజీయేనా, మరి ధర్మశాస్త్రం దేనికి? ఏడాదిగా మోకాళ్లమీద గంట కూర్చున్నా లోపల చలనం లేదు, ఐగుప్తు రాజు ఫరోను కఠినపరచినట్టు దేవుడు నన్నూ కఠినపరచాడా? సంతకం పెట్టాలా, వద్దా? చివర ఒక వాక్యం విడిగా రాశారు: "రెండోసారి దిగబెట్టి వచ్చిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అది తలచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది."

అమ్మా,

ముందుగా మత్తయి 19వ అధ్యాయం తెరిచి, ఆ ప్రశ్న వేసిందెవరో చూడండి. "ఏ హేతువుచేతనైనను పురుషుడు తన భార్యను విడనాడుట న్యాయమా?" అని అడిగినవాళ్లు పరిసయ్యులు, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుల వర్గం. అప్పట్లో బోధకుల మధ్య దీనిమీద పెద్ద వివాదం ఉంది. భార్యలో అసభ్యమైనది కనబడితే తప్ప వదలకూడదని షమ్మయి శిష్యులు అనేవాళ్లు. వంట పాడుచేసినా వదిలేయవచ్చని హిల్లేలు శిష్యులు అనేవాళ్లు. తర్వాతి కాలపు అకీబా అయితే, ఇంకా అందమైనది కనబడితే చాలన్నాడు. దాదాపు 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మబోధల సంకలనంలో ఈ మూడు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. వాదించుకున్నవాళ్లంతా మగవాళ్లే. ఆ చట్టంలో పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల కాగితం, రాసే అధికారం భర్తదే, భార్య రాయలేదు. "మీ హృదయకాఠిన్యమునుబట్టి మీ భార్యలను విడనాడ మోషే సెలవిచ్చెను, గాని ఆదినుండి ఆలాగు జరుగలేదు" అని ప్రభువు అన్నది వాళ్లతో, అంటే పత్రిక రాసే చెయ్యి ఉన్నవాళ్లతో. ఆ పత్రిక పట్టుకుని గుమ్మం దిగే స్త్రీని ఆయన ఆ మాట అనలేదు.

మోషే రాసినది కూడా నెమ్మదిగా చదవండి. ద్వితీయోపదేశకాండము 24లో మొదటి నాలుగు వచనాలు. అందులో "భార్యను వదిలేయండి" అన్న ఆజ్ఞ లేదు. ఒకడు భార్యను వదిలితే, పత్రిక చేతికిచ్చి పంపితే, ఆమె మరొకణ్ణి పెళ్లాడితే, అతనూ వదిలినా చనిపోయినా, అంటూ వాక్యం సాగి సాగి చివరకు ఒకే ఒక్క నిషేధం దగ్గర ఆగుతుంది. మొదటివాడు ఆమెను మళ్లీ భార్యగా తీసుకోకూడదు. పత్రిక లేకపోతే వెళ్లగొట్టబడిన స్త్రీ గతి ఏమిటి? ఆమె భార్యా కాదు, స్వతంత్రురాలూ కాదు. మరొకరిని పెళ్లాడితే వ్యభిచారి అంటారు. పెళ్లాడకపోతే పోషించేవాడు లేడు. పాత భర్త ఎప్పుడైనా వచ్చి "నాది" అనగలడు. ఆ పత్రికలో ముఖ్యమైన మాట "నువ్వు ఇక ఏ పురుషుడినైనా పెళ్లి చేసుకోవచ్చు" అని మిష్నా చెబుతుంది. మగవాళ్ల గుండె బండబారిందని ఆ చట్టం ముందే ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆ బండ కింద నలిగే మనిషికి ఊపిరాడే చోటు మిగిల్చింది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది. యేసు కాఠిన్యమని పేరు పెట్టింది నిబంధన చేసుకున్న భార్యను పారేసినవాడి గుండెకు. కొట్టినవాడు అంతకంటే ముందే అక్కడికి చేరాడు. మీ అమ్మాయి ఎవరిమీద విసుగు పుట్టి పోలేదు. ఆరేళ్లు భరించి, రెండుసార్లు మీ మాట విని వెనక్కి వెళ్లింది. ఆమెను ఆ వచనంలో ముద్దాయి స్థానంలో నిలబెట్టడమంటే, ఎవరి కోసం చట్టం రాశారో వాళ్లమీదే ప్రయోగించడం.

ఇంకో రెండు చోట్లు చూడాలి. మీకు బాధ కలుగుతుంది, అయినా చూడండి. 24వ అధ్యాయానికి సరిగ్గా ముందు, 23:15, 16లో, యజమాని దగ్గరనుంచి తప్పించుకుని నీ దగ్గరకు వచ్చిన దాసుణ్ణి అతని యజమానికి అప్పగించకూడదని ఉంది. అతను తనకు నచ్చిన చోట నీ మధ్య నివసించాలి, అతణ్ణి బాధపెట్టకూడదు. నిర్గమకాండము 21:26, 27లో, యజమాని కొట్టినప్పుడు దాసుడి కన్ను పోయినా, దాసి పన్ను ఊడినా, ఆ కంటికి, ఆ పంటికి బదులుగా వాళ్లను స్వతంత్రులుగా పంపేయాలి. అదే అధ్యాయం 10, 11 వచనాల్లో, దాసిగా వచ్చి భార్య అయిన స్త్రీకి తిండి, బట్ట, సంసార ధర్మం తగ్గిస్తే ఆమె డబ్బు చెల్లించకుండానే వెళ్లిపోవచ్చు. పన్ను ఊడిన దాసికి విడుదల ఇచ్చిన దేవుడు, పెదవి పగిలిన మీ బిడ్డ గడప దగ్గర నిలబడితే వెనక్కి పంపమంటాడా?

"దేవునికి విడాకులు అసహ్యం" అని మీ పెద్దలు చూపించిన వచనం మలాకీ 2:16. అది మన తెలుగు బైబిల్లో సగం వచనమే. మిగతా సగంలో, ఒకడు తన వస్త్రములను బలాత్కారముతో నింపడం కూడా ఆయనకు అసహ్యమని ఉంది. దానికి ముందు, 14వ వచనంలో, నిలదీయబడింది యౌవనకాలపు భార్యకు అన్యాయం చేసిన భర్త. మొదటి సగం మీ కూతురికి చదివి వినిపించినవాళ్లు రెండో సగం మీ అల్లుడికి ఎన్నిసార్లు వినిపించారో అడగండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. "కొట్టిన భర్తనుంచి భార్య విడాకులు తీసుకోవచ్చు" అని అక్షరాలా రాసిన వచనం ఎక్కడా లేదు. నేను పైన చూపినది చట్టం ఎటు మొగ్గుతుందో చెప్పే సాక్ష్యం. సంఘాలు దీన్ని వేర్వేరుగా చదివాయి. కతోలిక సంఘం 1983 నాటి సంఘ చట్టంలో, 1153వ నిబంధన కింద, శరీరానికో మనసుకో తీవ్ర ప్రమాదం కలిగించే జీవిత భాగస్వామినుంచి వేరుగా ఉండటానికి ఒప్పుకుంటుంది. అయితే చెల్లుబాటైన వివాహ బంధం తెగిందని మాత్రం అనదు. ఆర్థడాక్స్ సంఘాలు మానవ బలహీనతను దృష్టిలో పెట్టుకుని, పశ్చాత్తాప ప్రార్థనలతో కూడిన రెండో వివాహాన్ని అనుమతిస్తాయి. ప్రెస్బిటేరియన్ సంఘాలు అనుసరించే 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 24వ అధ్యాయం రెండు కారణాలు ఒప్పుకుంది: వ్యభిచారం, ఇక సరిదిద్దలేనంతగా కావాలని విడిచిపెట్టడం. హింసించేవాడు ఇంట్లో ఉంటూనే విడిచిపెట్టినవాడని ఆ సంప్రదాయంలో ఇవాళ చాలామంది చదువుతారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అయితే వేరుగా ఉండటాన్నే పాపమనడం వేరు సంగతి. పౌలు 1 కొరింథీయులు 7:10, 11లో భార్య భర్తను ఎడబాయకూడదని చెబుతూనే, ఒకవేళ ఎడబాస్తే పెళ్లి చేసుకోకుండా ఉండాలి లేదా సమాధానపడాలి అన్నాడు. ఎడబాసినవాళ్లను వెలివేయమని అనలేదు. మీ అమ్మాయి మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు కాబట్టి, ఆ చర్చలోకి ఇప్పుడు మీరు వెళ్లనవసరం లేదు. పెద్దలు ఆ చర్చ తెచ్చినా వెళ్లకండి.

రెండో ప్రశ్న: చట్టం రాజీ అయితే దేనికి? ఈ భయం ఎక్కడిదో అర్థమవుతోంది. ఒక్క ఇటుక తీస్తే గోడంతా కూలుతుందని మీకు నేర్పారు. కానీ ధర్మశాస్త్రం ఒకే రకం పని చేయదు. 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విను దానికి మూడు పనులు చెప్పాడు. అద్దంలా మన పాపం మనకు చూపడం ఒకటి. "ధర్మశాస్త్రమువలన పాపమనగా ఎట్టిదో తెలియబడుచున్నది" అని రోమా 3:20లో ఉన్నది ఆ పనే. మనసు మారనివాడి చెయ్యి పట్టి ఆపడం రెండోది. 1 తిమోతి 1:9లో ధర్మశాస్త్రం నీతిమంతుని కోసం కాక అక్రమస్థుల కోసం నియమించబడిందన్నప్పుడు దృష్టిలో ఉన్నది అదే. విశ్వాసికి దేవుని చిత్తం చూపి నడిపించడం మూడోది. దీన్నే ఆయన ముఖ్యమన్నాడు. మరో సంస్కర్త లూథరు ఎక్కువగా అద్దం దగ్గర నిలిచాడు. మూడో పని గురించి అతని అనుచరుల్లోనే వివాదం రేగి, 1577లో ఏకాభిప్రాయ సూత్రం అనే లూథరన్ విశ్వాస ప్రకటనలో ఒక అధికరణం రాసుకోవలసి వచ్చింది.

పరిత్యాగ పత్రిక రెండో పనికి చెందినది. అది కీడును ఆపే చట్టం, పెళ్లి ఎలా ఉండాలో చూపే చట్టం కాదు. పెళ్లి ఎలా ఉండాలో తెలియాలంటే ఆదికి వెళ్లమన్నాడు యేసు. ఆదికాండము 1:27, 2:24 ఎత్తి చెప్పాడు. పరిసయ్యుల పొరపాటు ఈ రెంటినీ కలిపేయడం. ఎంతవరకు వదలవచ్చు అని లెక్కలు వేస్తూ, ఆపడానికి పెట్టిన గీతనే హక్కుగా మార్చుకున్నారు. మీరు చేసిన పొరపాటు దానికి ఎదురు దిశలో ఉంది. ఆది ఆదర్శాన్ని పట్టుకుని, కీడును ఆపే చట్టం అసలు లేనట్టే ప్రవర్తించారు. విరిగిన ఎముకకు కట్టు కట్టినంత మాత్రాన దేహం కట్టుతో పుట్టిందని ఎవరూ అనుకోరు. కట్టు దేహానికి సహజం కాదని చెప్పి విప్పేస్తే మాత్రం చెయ్యి వంకరపోతుంది.

దేవుడు మనిషి దిగిన చోటికి దిగివచ్చి చట్టం ఇవ్వడం ఈ ఒక్కచోటే జరగలేదు. ఇశ్రాయేలీయులు రాజు కావాలని పట్టుబట్టినప్పుడు (1 సమూయేలు 8) తనను తోసివేస్తున్నారని తెలిసీ ఇవ్వమన్నాడు, ఆ రాజు ఏమేమి లాక్కుంటాడో ముందే చెప్పించి మరీ. రెండో శతాబ్దం చివర్లో ఇరేనియస్ అనే బిషప్పు ఈ మత్తయి వచనాన్నే పట్టుకుని, కొత్త నిబంధనలోనూ అపొస్తలులు బలహీనతను బట్టి కొన్ని సెలవులు ఇచ్చారు, 1 కొరింథీయులు 7 చూడండి అన్నాడు. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అనేవాళ్లకు అతనిచ్చిన జవాబులో భాగమది. సెలవిచ్చినవాడూ ఆదిలో జతపరచినవాడూ ఒక్కడే.

అయితే ఇవన్నీ తాత్కాలికమే. గలతీయులకు 3:19లో ధర్మశాస్త్రం అతిక్రమాలను బట్టి తరువాత చేర్చబడిందని పౌలు అంటాడు. అబ్రాహాముతో వాగ్దానం ముందు, ధర్మశాస్త్రం 430 ఏళ్ల తరువాత. చట్టం చేతిని పట్టి ఆపుతుంది, గుండెను మార్చదు. ఆ పని యెహెజ్కేలు 36:26లో దేవుడు తానే తీసుకున్నాడు: "రాతిగుండె మీలోనుండి తీసివేసి మాంసపు గుండెను మీకిచ్చెదను." మీ అల్లుడి విషయంలో మీరు రెండుసార్లు ఈ వాగ్దానంమీద ఆధారపడి చట్టాన్ని పక్కన పెట్టారు. అతను మారతాడని ప్రార్థించి, అతను మారకముందే ఆమెను అతని చేతికిచ్చారు. దేవుడు గుండె మార్చేదాకా బలహీనులను కాయడానికే ఆ చట్టం ఉన్నది.

ఇక మూడోది, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది. ఇశ్రాయేలీయులను వదలనన్న ఫరో మీదికి దేవుడు వరసగా తెగుళ్లు పంపిన కథ నిర్గమకాండములో ఉంది, దాన్ని తెగులు తెగులుకూ విడిగా చదవండి. దేవుడు అతణ్ణి కఠినపరుస్తానని ముందే (4:21, 7:3) చెప్పిన మాట నిజమే. కానీ తెగుళ్లు మొదలయ్యాక, మొదటి ఐదింటిలో "యెహోవా కఠినపరచెను" అన్న మాట రాదు. ఫరో హృదయం కఠినమైందని, లేదా అతనే కఠినపరచుకున్నాడని ఉంటుంది. యెహోవా కఠినపరచాడని మొదట చెప్పేది ఆరోదాని దగ్గర, దద్దుర్లు వచ్చినప్పుడు (9:12). ఎలా కఠినపరచుకున్నాడో కూడా 8:15 చెబుతుంది: ఉపశమనం కలగడం చూసి. కప్పలు చచ్చాయి, ఇక ఫరవాలేదు అనుకున్నాడు.

హాయిగా నిద్రపోయానన్న మీ వాక్యానికి ఇదే పోలిక. ఆ రాత్రి మీకు దొరికింది ఉపశమనం. సంఘంలో మాట రాదు, ఇంట్లో గొడవ సద్దుమణిగింది. మీ అమ్మాయికి దొరకని ఉపశమనం అది. మీ ఉత్తరమంతటిలో కాఠిన్యానికి నిజమైన గుర్తు నాకు అక్కడే కనిపించింది. దాన్ని మీరే వెతికి పట్టుకుని విడిగా రాశారు. ఫరో చివరిదాకా చేయనిది అదే. తప్పు ఒప్పుకున్నట్టు రెండుసార్లు అన్నాడు (9:27, 10:16), వర్షం ఆగగానే, మిడతలు పోగానే మాట తప్పాడు. మీ విషయంలో ఏ ఒత్తిడీ తొలగలేదు, అయినా మీరు ఆ రాత్రి గురించి రాస్తున్నారు.

మీరు చేసింది కాఠిన్యం కాదని మాత్రం చెప్పలేను. మార్కు 3వ అధ్యాయంలో విశ్రాంతిదినాన ఊచచేయి గలవాడు, అంటే చెయ్యి ఎండిపోయినవాడు, ఎదురుగా ఉన్నాడు. ప్రాణరక్షణ ధర్మమా, ప్రాణహత్య ధర్మమా అని యేసు అడిగితే వాళ్లు ఊరకుండిరి. ఆయన "వారి హృదయ కాఠిన్యమునకు దుఃఖపడి, కోపముతో" చూశాడు. ఆ మనుషులు చట్టం మీరినవాళ్లు కారు, చట్టాన్ని బాగా పట్టుకున్నవాళ్లు. ఎదుట నొప్పితో ఉన్న మనిషికన్నా నియమం పెద్దదై కూర్చుంది. మీ కాఠిన్యం ఈ జాతిది. భక్తిగా ఉండటంవల్ల లోపలివాళ్లకు అది కనబడదు. కానీ అదే మార్కు సువార్త 6:52లోనూ 8:17లోనూ శిష్యుల హృదయాలు కూడా కఠినమైనవని అంటుంది. పడవలో ఆయన పక్కన కూర్చున్నవాళ్ల సంగతి అది. ఆయన వాళ్లను దించేయలేదు. కాబట్టి ఆ మాట మీకు తుది తీర్పు కాదు.

ప్రార్థనలో చలనం లేకపోవడాన్ని దీనితో కలిపేయకండి. బైబిల్లో కఠిన హృదయమంటే కన్నీళ్లు రాకపోవడం కాదు. ద్వితీయోపదేశకాండము 15:7 చూడండి: బీదవాడైన సహోదరుని పట్ల నీ హృదయం కఠినపరచుకోకూడదు, చెయ్యి ముడుచుకోకూడదు. హృదయం, చెయ్యి ఒకే వాక్యంలో వచ్చాయి. కాబట్టి చెయ్యి ఎటు ఉందో చూసుకోండి. చలనం లేకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. కూతురితో మాటలు లేని ఏడాదిన్నర దుఃఖం చిన్నదేమీ కాదు. నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేక, ఇదంతా రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే డాక్టరుకు చూపించుకోండి. చావాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లండి. అది విశ్వాసలోపం కాదు. మూడో కారణం మత్తయి 5:23, 24లో ఉంది. బలిపీఠం దగ్గర అర్పణతో నిలబడ్డప్పుడు, సహోదరునికి నీమీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడమంటాడు. లేవీయకాండము 6వ అధ్యాయం మొదట్లోనూ క్రమం ఇదే. అన్యాయంగా తీసుకున్నది, దానికి అయిదో వంతు కలిపి, ఎవరిదో వాళ్లకిచ్చిన తర్వాతే అపరాధ పరిహారార్థబలి. గంటసేపు మోకాళ్లమీద ఉంటే, ఆ గంటలో సగం మీ అమ్మాయికి ఉత్తరం రాయడానికి వాడండి.

ముందు సంతకం సంగతి, సమావేశం దగ్గరపడింది కాబట్టి.

సంతకం పెడితే సంఘంలో మీ స్థానం నిలుస్తుంది. కానీ "కారణం లేకుండా" అన్న వాక్యానికి మీరు సాక్షి అవుతారు. పగిలిన పెదవి, వాచిన చెయ్యి మీ కళ్లతో చూశారు. అది అబద్ధ సాక్ష్యం, పది ఆజ్ఞల్లో ఒకటి. పైగా అది కాగితం. పిల్లల కోసం కోర్టులో ఎప్పుడైనా వివాదం వస్తే, "తల్లే ఇలా రాసింది" అని మీ కూతురి ఎదుట పెట్టగలరు. ఆ తర్వాత ఆమె మీకు తిరిగి దొరకడం చాలా కష్టం.

సంతకం పెట్టకుండా, ఆరోగ్యం బాగాలేదని సమావేశానికి వెళ్లకపోవడం రెండో దారి. అబద్ధం రాయలేదన్న తృప్తి ఉంటుంది. కానీ తీర్మానం మీరు లేకుండానే నెగ్గుతుంది. లేవీయకాండము 5:1 చూసినది, తెలిసినది ఉండీ చెప్పని సాక్షి దోషశిక్ష భరిస్తాడంటుంది. మీకు ఒంట్లో ఓపిక లేకపోతే, ఈ దారి ఎంచుకున్నా కనీసం "ఈ తీర్మానంతో నేను ఏకీభవించను" అని ఒక్క వాక్యం రాసి పంపండి.

మూడోది, వెళ్లి చూసినది చెప్పడం. నాకు ఇదే సరైనదనిపిస్తుంది, అయినా దీని ఖర్చు ఎక్కువ. నాయకత్వం పోవచ్చు, ముప్పై ఏళ్ల స్నేహితులు ముఖం తిప్పుకోవచ్చు. వెళ్లేముందు మీ అమ్మాయి అనుమతి ఉండాలి, నేరుగా కాకపోయినా ఆమె నమ్మే మనిషి ద్వారా. దెబ్బల సంగతి ఆమెది, ఆమెకు ఇష్టం లేకుండా సభలో చెప్పే హక్కు మీకు లేదు. అనుమతి రాకపోతే మీరు చేసినది మాత్రమే చెప్పండి: "ఆమె రెండుసార్లు ఆశ్రయం కోరి వచ్చింది, నేను వెనక్కి పంపాను, ఈ కాగితం నిజం కాదు." ఏది చెప్పినా ముందే రాసుకుని చదవండి, ఒక పుట దాటనివ్వకండి. చూసినది, ఎప్పుడు చూసినది మాత్రమే రాయండి. అల్లుడి స్వభావం మీద వ్యాఖ్యలు వద్దు, అవి వస్తే చర్చ అటు మళ్లుతుంది. ఆమె చిరునామా, పని చేసే చోటు, పిల్లల బడి ఎవరు అడిగినా చెప్పకండి, "ప్రార్థించడానికి" అని అడిగినా సరే.

సభలో మూడు ప్రశ్నలు వేయండి. మత్తయి 18:15-17లోని మెట్లు, ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, తర్వాత సంఘం ఎదుట, కొట్టిన భర్త విషయంలో పాటించారా? "ఒక మనుష్యుని మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీర్చునా" అన్న నీకొదేము ప్రశ్న (యోహాను 7:51) ప్రకారం, ఈ అమ్మాయి మాట ఎవరైనా విన్నారా? హింస జరిగిందని తేలితే ఈ తీర్మానం మార్చుకుంటారా? మూడో ప్రశ్నకు వాళ్లు "మార్చుకోము" అంటే, వాళ్లకు సాక్షి అవసరం లేదని అర్థం. అప్పుడు మీరు ఆ సంఘంలో కొనసాగాలా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆ కోపంలో తేల్చకండి. కొన్ని నెలలు ఆగండి. నిర్గమకాండము 23:2 కీడు చేయడానికి సమూహాన్ని వెంబడించవద్దంటుంది గానీ, సమూహాన్ని వెంటనే విడిచిపొమ్మనలేదు.

ఇక మీ కూతురు. వెళ్లి తలుపు తట్టకండి. తప్పించుకుని బతుకుతున్న మనిషికి చెప్పకుండా వచ్చిన మనిషి భయమే కలిగిస్తుంది. ఉత్తరం రాయండి, చేత్తో. అందులో ఉండవలసినవి: రెండుసార్లు ఏం జరిగిందో స్పష్టంగా, తప్పు మీదేనన్న మాట, జవాబు అక్కర్లేదన్న మాట. ఉండకూడనివి: వాక్యం, పాస్టరు గారి ప్రస్తావన, "నేనూ అప్పుడు నిస్సహాయురాలిని" అన్న వివరణ, "కానీ" అన్న మాట, క్షమించమన్న అభ్యర్థన. క్షమించమని అడిగితే మళ్లీ ఆమెమీదే ఒక బాధ్యత పెట్టినట్టు, అదీ వాక్యం తెలిసిన అమ్మాయికి. ఇలా రాయవచ్చు:

"తల్లీ, నువ్వు పెదవి పగిలి ఇంటికి వచ్చినప్పుడు నిన్ను వెనక్కి పంపాను. చెయ్యి వాచి వచ్చినప్పుడు మళ్లీ పంపాను. నువ్వు అడిగింది ఆశ్రయం, నేను ఇవ్వలేదు. అది తప్పు, ఆ తప్పు నాది. నువ్వు వెళ్లిపోయి మంచి పని చేశావు. నీ మీద సంఘం రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టడం లేదు. దీనికి జవాబు రాయనక్కర్లేదు."

కాగితం మాట నిజంగా నిర్ణయించుకున్న తర్వాతే రాయండి. అయిదో వంతు కలిపి ఇవ్వడమన్నది మీ విషయంలో డబ్బు రూపంలోనూ ఉండవచ్చు, పిల్లల ఫీజులు, అద్దె. అయితే మొదటి ఉత్తరంలో ఆ ప్రస్తావన వద్దు, కొనడానికి వచ్చినట్టు ఉంటుంది. ఆమె జవాబిస్తే, అప్పుడు "ఏం కావాలి" అని అడిగి, ఆమె చెప్పినంతే చేయండి.

మీ అల్లుడో, అతని తరఫు పెద్దలో "అతను మారాడు, మీరు మధ్యవర్తిగా ఉండండి" అని వస్తారు. అలా రావడం మామూలే. ఒప్పుకోకండి. అతను క్షమించబడటం వేరు, ఆమె అతనితో మాట్లాడటం వేరు, ఆమె తిరిగి వెళ్లడం మరీ వేరు. మొదటిది దేవునితో అతని లెక్క, మిగతా రెండూ పూర్తిగా ఆమె నిర్ణయం. మారినవాడు చేసినదాన్ని పేరు పెట్టి ఒప్పుకుంటాడు, ఆమెను నిందించడు, ఫలితాన్ని భరిస్తాడు, ఆమె తిరిగి రాకపోయినా మారే ఉంటాడు. ఇంతకుముందు రెండుసార్లు మీరు మోసుకెళ్లిన కబురును మూడోసారి మోయకండి.

ఆమె నుంచి నెలలపాటు జవాబు రాకపోవచ్చు. రెండో ఉత్తరం మూడు నెలలకు ముందు వద్దు. అది మొదటిదానికంటే చిన్నదిగా ఉండాలి, జవాబు రానందుకు బాధ అందులో కనబడకూడదు. హెబ్రీయులకు 3:13 ఎవరూ కఠినపరచబడకుండా ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకొమ్మంటుంది. కాబట్టి ఈ నిరీక్షణలో ఒంటరిగా ఉండకండి. మీ సంఘం బయటైనా సరే, మీకు నచ్చని మాట మీ ముఖాన చెప్పగల ఒక స్త్రీని చూసుకోండి. మీరు రాసే ప్రతి ఉత్తరం ముందు ఆమెకు చదివి వినిపించి, ఆమె కొట్టేయమన్న వాక్యాలు కొట్టేసి, తర్వాత పోస్టు చేయండి.